అప్‌డేట్ అయిన రాత్రి నడవాలో లైటు వెలగలేదు

"రాత్రి లైటు రాలేదురా. నీ నిద్ర పాడుచేయడం ఎందుకని లేపలేదు." పొద్దున నేను లేవగానే అమ్మ మామూలుగా చెప్పిన మాట ఇది. మూడు గంటలప్పుడు లేచి, నడవాలో గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్లిందట. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చీకట్లో స్విచ్ కోసం తడుముకునే అవసరం రాకూడదనే ఆ నడవాలో మోషన్ సెన్సర్ పెట్టాను. మనిషి కదిలితే చాలు, బల్బు సన్నగా వెలుగుతుంది. రెండేళ్లలో ఒక్క రాత్రి కూడా తప్పలేదు.

ఫోన్ తీసి చూస్తే హబ్ (ఇంట్లో స్మార్ట్ బల్బులు, ప్లగ్‌లు, సెన్సర్లను కలిపి నడిపే పెట్టె) యాప్‌లో అన్నిటికంటే పైన ఒక కబురు ఉంది: రాత్రి 2 గంటలకు హబ్ ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పూర్తయింది. దాని కింద వరసగా ఎర్ర గుర్తులు. రెండు బల్బులు "స్పందించడం లేదు". మూడు ప్లగ్‌లకు కొత్త వెర్షన్ ఉంది కానీ "డౌన్‌లోడ్ విఫలమైంది". నడవాలో సెన్సర్ కాసేపు కనిపిస్తుంది, కాసేపు మాయమవుతుంది. దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ 12 శాతం దగ్గర ఆగిపోయింది. ఇంకేముంది, తప్పంతా అప్‌డేట్‌దే అని తేల్చేసుకున్నాను. ఆ తొందరపాటు వల్ల రెండు రోజులు పోయాయి.

మొదటి రోజు నేను చేసిన పని ఎవరూ చేయకండి. హాల్లో బల్బును ఫ్యాక్టరీ రీసెట్ చేశాను. అంటే గోడ స్విచ్ ఐదారుసార్లు వేసి ఆపడం. బల్బు మళ్లీ హబ్‌తో పెయిర్ కాలేదు సరికదా, అప్పటిదాకా అప్పుడప్పుడన్నా కనిపించిన సెన్సర్ కూడా పూర్తిగా పోయింది. కారణం తర్వాత అర్థమైంది. జిగ్బీ అంటే ఇలాంటి చిన్న పరికరాలు మాట్లాడుకునే రేడియో పద్ధతి. అందులో కరెంటు మీద నడిచే బల్బులు, ప్లగ్‌లు పక్కవాటి సందేశాలను కూడా మోస్తాయి. నడవాలో సెన్సర్ హబ్‌తో నేరుగా మాట్లాడటం లేదు, హాల్లో బల్బు ద్వారా మాట్లాడుతోంది. దాని దారిని నేనే తెంపేశాను. బ్యాటరీ సెన్సర్లు ఎక్కువసేపు నిద్రలో ఉంటాయి కాబట్టి కొత్త దారి వెతుక్కోవడానికి చాలా టైమ్ తీసుకుంటాయి.

ఆ రాత్రి బాత్రూమ్ లైటు వేసి తలుపు తెరిచి ఉంచాను. అమ్మ పడుకున్నాక కాగితం తీసి, ఇంట్లో ఉన్న ప్రతి పరికరం పేరు రాసి, ఎదురుగా మూడు విషయాలు రాశాను: అది దేని మీద మాట్లాడుతుంది (వైఫైనా, జిగ్బీనా, లేక వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేందుకు వచ్చిన మ్యాటర్ ప్రమాణమా), వెర్షన్ ఎంత, సరిగ్గా ఏ విధంగా మొరాయిస్తోంది. రాస్తుంటే తెలిసింది, ఇది ఒక్క జబ్బు కాదు. జిగ్బీవి వచ్చిపోతున్నాయి. వైఫై ప్లగ్‌లు ఆన్, ఆఫ్ బాగానే అవుతున్నాయి, అప్‌డేట్ మాత్రమే దిగడం లేదు. మ్యాటర్ బల్బులు రెండూ అసలు లేనట్టే ఉన్నాయి. కాగితం చివర "ఈ మధ్య ఏం మారింది" అని రాసి, కింద నా చేత్తో నేనే జవాబు రాసుకున్నాను: నిన్న మధ్యాహ్నం కొత్త రూటర్ పెట్టాను.

అప్‌డేట్ గురించి యాప్ చెప్పింది కాబట్టి అది గుర్తుంది. రూటర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి మర్చిపోయాను.

జిగ్బీతో మొదలుపెట్టాను, అమ్మ లైటు అందులోదే కాబట్టి. కొత్త రూటర్ పెట్టినప్పుడు నీట్‌గా ఉంటుందని హబ్‌ను తెచ్చి దాని పక్కనే పెట్టాను. బ్యాకప్ కోసం రూటర్‌కు ఒక యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ కూడా తగిలించాను. యూఎస్‌బీ 3 కేబుళ్ల నుంచి, కనెక్టర్ల నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. జిగ్బీ ఉండేదీ అక్కడే. అది చాలదన్నట్టు రూటర్ తనంతట తానే వైఫై ఛానల్ 11 ఎంచుకుంది. దాని నడిమధ్య 2462 మెగాహెర్ట్జ్. మా హబ్ జిగ్బీ ఛానల్ 22 మీద ఉంది, అంటే 2460. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అంకె రెండిటికీ ఒకటి కాదు కాబట్టి పైకి తెలియదు. జిగ్బీ 11 వేరు, వైఫై 11 వేరు.

ఇక్కడ రెండు దారులున్నాయి. జిగ్బీ ఛానల్ మార్చవచ్చు, కానీ అలా మారిస్తే కొన్ని పరికరాలు కొత్త ఛానల్‌కు రాకుండా తప్పిపోతాయి, మళ్లీ ఒక్కొక్కటీ పెయిర్ చేసుకోవాలి. వైఫై ఛానల్ మారిస్తే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వాటంతట అవే సర్దుకుంటాయి. అందుకే ఆటో తీసేసి వైఫైని ఛానల్ 1 మీద స్థిరంగా పెట్టాను. పొడవాటి నెట్‌వర్క్ కేబుల్ వేసి హబ్‌ను రూటర్‌కు రెండు మీటర్ల దూరం జరిపాను. హాల్లో బల్బు మొదటి ప్రయత్నంలోనే పెయిర్ అయింది. సెన్సర్ సిగ్నల్ నాణ్యత 255కి గాను 38 చూపించేది, గంట తర్వాత 140 దాటింది. 12 శాతం దగ్గర నిలిచిన అప్‌డేట్ కూడా కదిలింది.

కదిలింది కానీ నత్తనడకే. దీనికి మాత్రం కంగారు పడక్కర్లేదు. జిగ్బీలో హబ్ ఫైలును ఒక్కసారిగా పంపదు. పరికరమే లేచి "తర్వాతి ముక్క ఇవ్వు" అని అడుగుతుంది. ముక్క అంటే యాభై, అరవై బైట్లు. ఫైలు 200 కిలోబైట్లు ఉందనుకోండి, 50 బైట్ల చొప్పున నాలుగు వేల సార్లకు పైగా అడగాలి. మధ్యలో నిద్రపోతూ అడిగే సెన్సర్‌కు గంటలు పడుతుంది. అంకె ఆగిందా, నెమ్మదిగా కదులుతోందా అన్నది అరగంటకోసారి రాసుకుంటే తెలుస్తుంది. ఊరికే చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ తెలియదు. కదులుతున్నంతసేపు బ్యాటరీ తీయకూడదు. చాలా పరికరాలు కొత్త ఫైలును వేరే చోట పూర్తిగా దించుకుని, సరిచూసుకుని, ఆ తర్వాతే పాతదాని స్థానంలోకి తెచ్చుకుంటాయి కాబట్టి మధ్యలో పవర్ పోయినా సాధారణంగా బతుకుతాయి. మన దగ్గర ఉన్నది అలాంటిదో కాదో బయటి నుంచి తెలియదు, అందుకే ముట్టుకోకపోవడమే మంచిది.

ప్లగ్‌ల సంగతి నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది. పాత వైఫై చిప్‌లు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. కొత్త రూటర్‌లో వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఉండటం వల్ల పడటం లేదేమో అనుకుని దాన్ని పాత డబ్ల్యూపీఏ2కి మార్చి చూశాను. తేడా లేదు. ఉండదు కూడా. డబ్ల్యూపీఏ3తో పడకపోతే ప్లగ్ అసలు వైఫైకే ఎక్కదు, ఇవి ఎక్కి చక్కగా పనిచేస్తున్నాయి. ఆ మాట ముందే ఆలోచించి ఉంటే ఒక గంట మిగిలేది. ఈ ప్లగ్‌కు లోకల్‌గా తెరుచుకునే చిన్న సెట్టింగ్స్ పేజీ ఒకటుంది. అందులో లాగ్, అంటే జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా, తెరిచాను. మొదటి వరసలోనే తేదీ: 1970 జనవరి 1. దాని కింద "సర్టిఫికెట్ చెల్లదు".

కాసేపు ఆ తేదీనే చూస్తూ ఉండిపోయాను. ప్లగ్ లోపల బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఇంటర్నెట్‌లో టైమ్ అడిగి తెలుసుకుంటుంది. టైమ్ దొరక్కపోతే తన లెక్క మొదలయ్యే చోటు నుంచే, అంటే 1970 నుంచే గడుపుతుంది. అప్‌డేట్ ఇచ్చే సర్వర్ తానెవరో రుజువు చేసే సర్టిఫికెట్ చూపించినప్పుడు ప్లగ్ అందులోని తేదీలు చూసి, ఇది ఇంకా మొదలే కాలేదు కదా అని తలుపు వేసేస్తుంది. అది సరైన పనే. మరి టైమ్ ఎందుకు దొరకలేదు? భద్రత కోసమని ప్లగ్‌లను మెయిన్ నుంచి వేరుగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టి, బయటికి 443, 8883 పోర్ట్‌లు (డేటా వెళ్లే నంబరు ద్వారాలు) మాత్రమే వదిలాను. టైమ్ అడిగే ఎన్‌టీపీ పోర్ట్ 123. అది మూసింది నేనే. తెరిచి, ప్లగ్ తీసి పెట్టాను. తేదీ సరైంది. మూడు నిమిషాల్లో అప్‌డేట్ పూర్తయింది.

మ్యాటర్ బల్బుల కథ చిన్నది. వాటినీ గెస్ట్ నెట్‌వర్క్‌లోకే పంపాను, హబ్ మాత్రం మెయిన్‌లో ఉంది. మ్యాటర్ పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే కేకలు ఒక నెట్‌వర్క్ దాటి ఇంకో నెట్‌వర్క్‌లోకి వినిపించవు. హబ్ ఉన్న నెట్‌వర్క్‌లోకి తెచ్చాను, కనిపించాయి.

మూడో రోజు సాయంత్రానికి యాప్‌లో ఎర్ర గుర్తు ఒక్కటీ లేదు. రాత్రి పన్నెండింటికి నడవాలో నడిచాను. లైటు వెలగలేదు.

ఆ క్షణంలో నిజంగా నీరసం వచ్చింది. చీకట్లో ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడి సెన్సర్ పేజీ తెరిచాను. కదలిక: ఉంది. బ్యాటరీ: బాగుంది. వెలుతురు: 3011. ఆ అంకె దగ్గర ఆగాను. చీకటి నడవాలో 3011 లక్స్ (వెలుతురు కొలిచే యూనిట్) ఎక్కడి నుంచి వస్తుంది? పట్టపగలు లైట్లన్నీ వేసిన గదిలో కూడా అంత ఉండదు. నేను రాసుకున్న రూల్ ఇది: కదలిక ఉండాలి, వెలుతురు 10 లక్స్ కన్నా తక్కువ ఉండాలి, అప్పుడు బల్బు వెలగాలి. సెన్సర్ 3011 అంటుంటే పగలనుకుని హబ్ ఊరుకుంటోంది.

జిగ్బీ ప్రమాణం చదివితే గుట్టు తెలిసింది. వెలుతురు సెన్సర్ లక్స్‌ను నేరుగా పంపదు. లక్స్‌కు పది ఆధారంగా లాగరిథమ్ తీసి, పదివేలతో హెచ్చించి, ఒకటి కలిపి పంపుతుంది. 2 లక్స్‌కు ఆ లెక్క వేస్తే సరిగ్గా 3011 వస్తుంది. పాత ఫర్మ్‌వేర్‌లో హబ్ దాన్ని మళ్లీ లక్స్‌లోకి మార్చి చూపించేది. కొత్తదానిలో ఆ మార్పిడి పోయింది, పచ్చి అంకె వచ్చేస్తోంది. ఇది మాత్రం అప్‌డేట్ తప్పే. మూడు నా తప్పుల కింద దాని తప్పు ఒకటి దాక్కుని ఉంది. మొదటి రోజే నేను అన్నీ రీసెట్ చేసి ఉంటే ఎప్పటికీ దొరికేది కాదు.

10 లక్స్‌కు ఆ లెక్కలో 10001. రూల్‌లో 10 తీసేసి 10001 పెట్టాను. వెనక్కి నాలుగడుగులు వేసి, కాసేపు ఆగి, మళ్లీ నడిచాను. బల్బు సన్నగా వెలిగింది.

తయారీదారుకు నాలుగు వాక్యాలు రాశాను: హబ్ పాత వెర్షన్, కొత్త వెర్షన్, సెన్సర్ మోడల్, అదే చీకట్లో ముందు 2, ఇప్పుడు 3011. "అప్‌డేట్ అయ్యాక పనిచేయడం లేదు" అని రాస్తే రీసెట్ చేయమనే జవాబు వస్తుంది. అంకెలు రాస్తే అవి నేరుగా ఇంజనీర్ దాకా వెళ్తాయని నా నమ్మకం. తర్వాతి అప్‌డేట్ వివరాల్లో వెలుతురు విలువ సరిచేశామని ఒక వాక్యం ఉంది.

అప్‌డేట్లు ఆపేయలేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో స్వాధీనం చేసుకుంది. ఇంటర్నెట్‌కు ముఖం పెట్టి ఉన్న పరికరాన్ని పట్టించుకోకుండా వదిలేయడం నాకు ఇష్టం లేదు. కెమెరా, రూటర్ వచ్చిన రోజే అప్‌డేట్ అవుతాయి. హబ్‌కు మాత్రం ఆటో తీసేశాను. ముందు రూల్స్ అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసుకుంటాను, మార్పుల వివరాలు చదువుతాను, సెలవు రోజు పొద్దున పెడతాను. ఆ రోజు ఇంట్లో ఇంకేదీ మార్చను.

ఆ సవరణ అప్‌డేట్ కూడా అలాగే ఒక ఆదివారం పొద్దున పెట్టాను. అది దిగగానే నడవాలో లైటు పట్టపగలే వెలగడం మొదలైంది. సెన్సర్ మళ్లీ లక్స్‌లో చెబుతోంది, నా రూల్‌లో ఇంకా 10001 ఉంది. తిరిగి 10 చేశాను. ఆ రాత్రి అమ్మ పడుకునే ముందు, తన గది గుమ్మం నుంచి బాత్రూమ్ దాకా తను నడిచే వేగంతోనే ఒకసారి నడిచి చూశాను. రెండో అడుగుకే వెలిగింది.