డల్సిమర్‌లో సా కుదిరినా పా ఎందుకు కుదరదు?

చిన్న సుత్తులతో తీగల మీద కొట్టి వాయించే హామర్డ్ డల్సిమర్ మన కశ్మీరీ సంతూర్‌కి దగ్గరి చుట్టం. తీగలు బ్రిడ్జిల మీద, అంటే వాటిని మోసే చెక్క పట్టీల మీద ఆనుతాయి. 12/11 రకంలో ట్రెబుల్ (హెచ్చు స్వరాల) బ్రిడ్జి మీద 12 జతలు, బేస్ (తగ్గు స్వరాల) బ్రిడ్జి మీద 11 జతలు, మొత్తం 46 తీగలు. ట్రెబుల్ బ్రిడ్జి ఒక్కో తీగను 3:2 పాళ్లలో విడదీస్తుంది కాబట్టి కుడి పక్క సా అనుకుంటే పొట్టిగా ఉండే ఎడమ పక్క పా పలుకుతుంది. తీగను బిగించే ఒకే పిన్ను తిప్పి రెండు స్వరాలూ కుదర్చాలి. తంటా అంతా అక్కడే.

ముందు జతలో ఒక తీగకు ఫెల్ట్ ముక్క అడ్డం పెట్టి, రెండోదాన్ని ట్యూనర్‌తో చూసుకోండి. రెంచి పిన్ను మీద నిటారుగా కూర్చోవాలి. పక్కకు వంగితే శ్రుతి ఎక్కినట్టే ఎక్కి, చెయ్యి తీయగానే దిగిపోతుంది. తర్వాత ఫెల్ట్ తీసి రెండో తీగను చెవితోనే కలపండి. మోతలో వచ్చే ఊపు నెమ్మదించి ఆగిపోతే కలిసినట్టు. దీనికి ట్యూనర్ కంటే చెవే నయం.

కుడి పక్క సరిపోయి ఎడమ పక్క తగ్గితే వెంటనే బ్రిడ్జి మీద చెయ్యి వేయకండి. పిన్ను దగ్గర పెంచిన బిగువు బ్రిడ్జి రాపిడికి ఆగి అవతలికి పూర్తిగా చేరదు. తీగను రెండు పక్కలా వేలితో నొక్కి వదిలి మళ్లీ చూడండి. ఎడమ పక్క 2 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) ఎక్కువ చూపిస్తే అసలు తప్పే కాదు: 3:2 పంచమం 702 సెంట్లు, ట్యూనర్ లెక్కలో 700.

ఒక్క జతలోనే తేడా ఉంటే ఆ తీగనే అనుమానించాలి, తుప్పో వంకరో ఉంటుంది. అన్ని జతల్లోనూ ఎడమ పక్క ఎక్కువగా పలికితేనే బ్రిడ్జిని కుడికి జరపాలి, అదీ వెంట్రుకవాసి. 300, 200 మి.మీ.గా విడిన తీగ మీద 1 మి.మీ. జరిగితే ఆ అంతరం దాదాపు 14 సెంట్లు మారిపోతుంది! పైకొసలో మాత్రమే తేడా ఉంటే ఆ కొస ఒక్కటే కదపండి.

తేమకు చెక్క ఉబ్బి బ్రిడ్జి పైకి లేస్తుంది, శ్రుతి ఎక్కుతుంది. అమెరికాలో చలికాలం హీటర్ వేసిన ఇళ్లలో దీనికి తలకిందులు, శ్రుతి దిగిపోతుంది. బాగా దిగిపోయినప్పుడు ఒక్క విడతతో కుదరదు. తర్వాతి తీగలు బిగించేకొద్దీ పలక కుంగి మొదటివి మళ్లీ దిగుతాయి.

తీగలు మార్చాల్సి వస్తే ఒక్కొక్కటే మార్చండి. చాలా వాయిద్యాల్లో బ్రిడ్జిలకు జిగురుండదు, తీగల ఒత్తిడి మీదే నిలబడతాయి. పిన్నుకు సన్న మర ఉండి తిప్పేకొద్దీ లోపలికి దిగుతుంది కనుక, కొత్త తీగకు 3 చుట్లు వేయాలనుకుంటే ముందే పిన్నును 3 చుట్లు వెనక్కి తిప్పి ఉంచుకోవాలి.