దవడ పన్ను పోయాక ఆ ఖాళీ సంగతి

నాకు తీసింది కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను. వేరు దాకా నిలువునా చీలింది, రూట్ కెనాల్‌కి పనికిరాదన్నారు. ఇంజెక్షన్‌తో సగం పెదవి, సగం నాలుక మొద్దుబారాయి. పోయేది నొప్పి ఒక్కటే; నొక్కుడు, దవడలో పటపట చప్పుడు తెలుస్తూనే ఉంటాయి. రెండు వేర్లూ కలిసి రాకపోతే డ్రిల్లుతో మధ్యకు కోసి విడివిడిగా లాగారు.

గాజుగుడ్డ 45 నిమిషాలు కొరికిపట్టాను. గుంతలో గడ్డకట్టిన రక్తమే ఆ పుండుకు కట్టు. అది ఊడకూడదనే 24 గంటలు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో పీల్చొద్దు అంటారు. పొగ అసలే వద్దు. అన్నీ పాటించినా నాకు మూడో రోజు రాత్రి చెవిలోకి పోటు మొదలైంది. అద్దంలో చూస్తే ముదురెరుపు గడ్డ లేదు, తెల్లగా ఎముక కనబడుతోంది. డ్రై సాకెట్. సెలైన్‌తో కడిగి లవంగ నూనె మందు అద్దిన పట్టీ పెడితే గంటలో తగ్గింది. యాంటీబయాటిక్ ఇవ్వలేదు, జ్వరం, చీము లేనప్పుడు దానితో పనిలేదు.

నవ్వితే కనబడదులే అని వెనక ఖాళీని వదిలేస్తుంటారు. పై పన్ను కిందికి దిగుతుంది, వెనక పన్ను ముందుకు ఒరుగుతుంది. ఎముక వెడల్పు మొదటి ఏడాదిలోనే సగం దాకా తరగొచ్చు.

ఖాళీ నింపడానికి ఒక దారి బ్రిడ్జి, అంటే పక్క పళ్లకు తొడిగి మధ్యలో పన్ను నిలపడం. దానికి అటూ ఇటూ పళ్లు అరగదీయాలి. నావి రెండూ పుచ్చులేని పళ్లు, మనసొప్పలేదు. వాటికి ఎలాగూ క్యాప్ వేయాల్సి ఉంటే బ్రిడ్జికే సరే అనేదాన్ని. తీసి పెట్టుకునే పన్ను చవక, కానీ నమలడంలో అంత బలం ఉండదు.

అందుకే ఇంప్లాంట్‌కి ఒప్పుకున్నాను, అంటే ఎముకలోకి స్క్రూ దించి దాని మీద పన్ను పెట్టడం. మూడు నెలలాగి, షుగర్ అదుపులో ఉందని చూసి, సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే) తీశారు. కింది దవడలో నరానికి కనీసం 2 మి.మీ. ఎడం ఉంచాలి. నాకు పట్టింది 4 మి.మీ. లావు, 10 మి.మీ. పొడవు టైటానియం స్క్రూ. అది ఎముకలో పట్టుకోవడానికి మరో మూడు నెలలు, ఆ తర్వాతే పైన పన్ను.

ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు. చుట్టూ చిగురు వాస్తే మాత్రం లోపల ఎముక కరగొచ్చు, నొప్పి పెద్దగా తెలియదు. అందుకే తోటకూర పీచు ఇరుక్కునే ఆ సందులో రోజూ రాత్రి సన్న బ్రష్ తిప్పి, దాని మీద రక్తపు చార ఉందేమో చూసుకుంటాను.