గుల్‌మర్గ్‌కి రైల్లో

"వైష్ణోదేవి దర్శనానికా అమ్మా?" అని అడిగారు ఎదురు బెర్త్ పెద్దాయన, విజయవాడలో ఎక్కి బ్యాగులు సీటు కిందకి తోస్తుంటే. కత్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ కదా, అందరూ అలాగే అనుకుంటారు. కాదండీ, కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో మంచు మీద స్కీయింగ్‌కి అన్నాను.

"మరి గన్నవరంలో విమానం ఎక్కితే అయిపోయేదిగా తల్లీ!"

ఇంట్లోనూ ఇదే మాట. కానీ 2024 జనవరిలో మంచు పడక గుల్‌మర్గ్ వాలులు ఎండుగడ్డితో కనిపించిన ఫొటోలు నా కళ్లలోంచి పోవట్లేదు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ కూడా మంచు చాలక వాయిదా పడ్డాయి. భూమి వేడెక్కేకొద్దీ ఇలాంటి చలికాలాలు ఎక్కువవుతాయేమోనని భయం, అందుకే మంచు కోసం వెళ్తూ ఆ మంచుకే చేటు చేసే ప్రయాణం చేయడానికి మనసొప్పలేదు. విమానంతో పోలిస్తే రైలు వల్ల వచ్చే కార్బన్ చాలా తక్కువ. నా ఒక్కదాని టికెట్‌తో ఏం మారుతుంది అంటారా, మారకపోయినా సరే.

పైగా 2025 జూన్ నుంచి కత్రాలో రైలు మారి నేరుగా శ్రీనగర్ వెళ్లొచ్చు. చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున వంతెన దాటుతుంది, అక్కడ కిటికీ సీటు దొరికితే చాలు నాకు!

పెద్దాయన అంతా ఓపిగ్గా విన్నారు. వాళ్లావిడ మాత్రం "ఆ చలికి పెదాలు పగుల్తాయి, వెన్న రాసుకో" అంటూ పులిహోర పొట్లం చేతిలో పెట్టారు. ఇంగువ వాసనకి ఖమ్మం రాకముందే ఖాళీ చేసేశాను.

రైల్లో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, శ్రీనగర్ స్టేషన్ నుంచి గుల్‌మర్గ్ కొండ కింది ఊరు తంగ్‌మర్గ్ దాకా ఎలా వెళ్లారో చెప్పండి, ప్లీజ్.