కరెంటుతో కలుపు

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో రసాయనాలు వాడని సోయా చేలలో పనికి కుదిరిన మొదటి వేసవిలో, యజమాని నాకు అప్పగించిన, కరెంటుతో కలుపును చంపే యంత్రాన్ని చూసి నేను నిజంగా భయపడ్డాను. ట్రాక్టరు వెనుక జనరేటరు, ముందు సాళ్లకు అడ్డంగా పొడవైన లోహపు కడ్డీ. ఈ రకం యంత్రాలలో ఆ కడ్డీకి అందే విద్యుత్తు 15,000 వోల్టుల వరకు ఉంటుంది. పరకాల దగ్గరి మా ఊళ్లో చిన్నాయన తడిచేత్తో బావి మోటారు స్టార్టరును ముట్టుకొని ప్రాణం విడిచిన నాటి నుండి, మా ఇంట్లో కరెంటు మాట వస్తే అందరి గొంతులూ తగ్గిపోతాయి.

సోయాను మించి ఎదిగిన కలుపు మొక్క తల కడ్డీకి తగలగానే విద్యుత్తు కాండం గుండా వేళ్లలోకి, అక్కడి నుండి నేలలోకి దిగి, తిరిగి జనరేటరుకు చేరుతుంది. దారిలో పుట్టిన వేడికి కణాలలోని నీరు ఆవిరై కణాలు పగులుతాయి. ఇక్కడి ముఖ్యమైన కలుపు వాటర్‌హెంప్. అది మన తోటకూర కుటుంబానిదే, పలు రకాల మందులకు లొంగనిది, ఒక్క మొక్కే లక్షల గింజలు రాల్చగలది. చిటపటమని అది కాలుతుంటే పొయ్యి మీద కూర ఉడికిన వాసన వస్తుంది. మొదటి రోజు ఆ వాసనకు ఇల్లు గుర్తుకొచ్చి కాసేపు బండి ఆపాను. నేను సీటు నుండి లేస్తే చాలు, విద్యుత్తు దానంతటదే ఆగిపోతుంది.

"మన పత్తికి పనికొస్తదా బిడ్డా?" అని అమ్మ ఫోనులో అడిగింది. కలుపు తీసే కూలీలు దొరకక ఆమె వీపున పంపు వేసుకొని గడ్డిమందు కొడుతోంది. గ్లైఫోసేట్‌ అనే గడ్డిమందును శిక్షణ పొందిన పురుగుల నివారణ నిపుణులే వాడాలని కేంద్రం 2022లో ఆదేశించినా, చేలో పరిస్థితి వేరు. పనికొస్తుందని చెప్పాలని ఎంతో ఉన్నా చెప్పలేకపోయాను. పత్తికి కలుపు బెడద మొదటి రెండు నెలలది. అప్పుడు గరిక, తుంగ పైరు కంటే పొట్టిగానే ఉంటాయి, కడ్డీకి అందవు. పైగా గడ్డిజాతి కలుపు వెడల్పాకు మొక్కలంత తేలికగా చావదు. పైరును మించిన మొక్కలను గింజ పట్టకముందే ఆపడమే ఈ యంత్రం చేయగల పని.

తోటల సంగతి వేరు. యూరప్‌లో ద్రాక్ష, పండ్ల తోటలలో చెట్ల మొదళ్ల దగ్గరి కలుపుకు నేలకు దగ్గరగా విద్యుత్తు తగిలించే యంత్రాలు నడుస్తున్నాయి. జగిత్యాలలో మామిడి తోట ఉన్న మేనమామకు నేను తీసిన వీడియో పంపితే, ఆయన ధర కూడా అడగలేదు.

"తడి నేల మీద అది నడుస్తుంటే, పక్కన మనిషి నడవొచ్చా అల్లుడా?"

నడవకూడదని రాసి, సీటు కింది స్విచ్చు ఫొటో కూడా పంపాను.