ఆ చిన్న గెంతు కోసం మూడు నెలలు

బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్‌ది మా అమలాపురమే. 2022లో మన దేశం పురుషుల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో అతనున్నాడు. మా ఊళ్ళో షటిల్ ఆడేవాళ్లంతా అతని స్మాష్ గురించే, అంటే పైనుంచి కిందికి బలంగా కొట్టే దెబ్బ గురించే మాట్లాడుకుంటారు. నేనూ రెండేళ్లు స్మాష్ మీదే పడ్డాను. భుజానికి బలం వచ్చింది గానీ, షటిల్ దగ్గరికి సమయానికి చేరడమే కుదిరేది కాదు. ఎవరైనా డ్రాప్ వేస్తే, అంటే నెట్టు దాటగానే పడేలా మెల్లగా జారిస్తే, ఆ పాయింటు పోయినట్టే. నలభై దాటాయి కదా, కాళ్లలో వేగం తగ్గిందనుకున్నాను.

ఒకరోజు మా అమ్మాయి నా ఆట ఫోనులో తీసి, నెమ్మదిగా నడిపి చూపించింది. "నాన్నగారూ, అవతలివాళ్లు కొడుతుంటే మీరు కదలకుండా నిలబడ్డారు చూడండి" అంది. నిజమే. రెండు మడమలూ నేలకు అతుక్కుని ఉన్నాయి. షటిల్ నెట్టు దాటాక గానీ నా మొదటి అడుగు పడలేదు.

కోచ్ గారికి చూపిస్తే రాకెట్ పక్కన పెట్టించారు. అవతలివాడి రాకెట్ షటిల్‌కు తగిలే క్షణానికి చిన్న గెంతు వేసి, పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కాస్త వంచి, మునివేళ్ల మీద దిగాలన్నారు. స్ప్లిట్ స్టెప్ అంటే ఇదే. ఎత్తుగా ఎగరనక్కర్లేదు, మడమలు నేల విడిస్తే చాలు. దిగిన ఊపుతోనే ఏ పక్కకైనా తోసుకుపోవచ్చు. చెప్పినంత సులువు కాదు. ముందే గెంతితే ఊపు చచ్చిపోతుంది, ఆలస్యమైతే షటిల్ వచ్చేసరికి గాలిలో ఉంటాం. నాకు ఆ అదను చిక్కడానికే నెల పట్టింది.

సాయంత్రాలు మేడ మీద ముగ్గుపిండితో సగం కోర్టు గీసుకున్నాను. సింగిల్స్‌కు వెడల్పు 5.18 మీటర్లు, నెట్టు నుంచి వెనక గీతకు 6.7 మీటర్లు. అమ్మాయి మధ్యలో ఎదురుగా నిలబడి ముందు, నడుమ, వెనక రెండేసి చొప్పున ఉన్న ఆరు మూలల్లో చేత్తో ఒకటి చూపించేది. ఇరవై సెకన్లు పరుగు, నలభై సెకన్లు విశ్రాంతి, అలా పది సార్లు. రెండో వారానికే కుడి మోకాలు సలపడం మొదలైంది. సిమెంటు నేల ఒక కారణం, నా అడుగు ఇంకో కారణం. నెట్టు వైపు చివరి పెద్ద అడుగులో మోకాలు లోపలికి వాలిపోతోంది. ముందు మడమ ఆనాలి, పాదం వెళ్లే దిక్కుకే చూడాలి, మోకాలు పాదం వైపే వంగాలి. మేడ మీద సాధన మానేసి, వారం రోజులు కోర్టు చెక్క నేల మీద ఆ ఒక్క అడుగే నెమ్మదిగా వేశాను. వయసు వచ్చినవాళ్లు ఇది నేర్చుకోకుండా మూలలకు పరుగెత్తకూడదని గట్టిగా చెబుతాను.

వెనక మూలకు వెళ్లడం మాత్రం తొందరగానే పట్టుబడింది. వెనక్కి నడవకుండా, నడుము తిప్పి పక్కవాటుగా జరగడమే.

మొన్న కార్తీకంలో, ఎప్పుడూ నన్ను డ్రాప్‌తో ఓడించే కుర్రాడు ఎడమ వెనక మూలకు కొట్టి, వెంటనే కుడి ముందు మూలకు జార్చాడు. మడమ ఆనించి, షటిల్ నెట్టు అంచుకు జానెడు కిందకు దిగేలోపే అందుకున్నాను. చివరికి ఆ పాయింటు అతనిదే అయింది. దానికోసం అతను ఇంకో ఎనిమిది దెబ్బలు కొట్టాల్సి వచ్చింది.