లోజ్బాన్ డైరీ: తేదీ ఒక్కటే ఇంకా లొంగలేదు

తర్కం ఆధారంగా కట్టిన కృత్రిమ భాష లోజ్బాన్‌లో డైరీ రాయడం ఈమధ్య బాగా ఊపందుకుంది. గంటలు, నిమిషాలు మొదటిసారే కుదిరాయి. పొడుగు వాక్యాలు కూడా వ్యాకరణం సరిచూసే షమ్ఖెస్ పార్సర్‌ అనే ప్రోగ్రామ్‌లో పాసయ్యాయి. మొండికేసింది పేజీ పైన రాసే తేదీ మాత్రమే.

2025 ఏప్రిల్ 3కి నేను రాసింది ఇది: దెహి లి షి పిహె వో పిహె రెనోరెము. అంటే 3, 4, 2025. దెహి అన్నది తేదీని తగిలించే చిన్న మాట, పిహె అంకెల మధ్య విభజన గుర్తు. పార్సర్ ఒప్పుకుంది. అంకెలు తిప్పి 4, 3, 2025 అని ఇచ్చినా, ఏడాది ముందు పెట్టినా ఒప్పుకుంది. దానికి ఇవన్నీ పిహెతో విడదీసిన అంకెల వరుసే. వ్యాకరణంలో రెండర్థాలు రానివ్వని భాషలో తేదీకి రెండర్థాలు వస్తుంటే నాకు మనశ్శాంతి లేదు.

నిఘంటువులో దెత్రి (తేదీని చెప్పే పూర్తి మాట, దెహి దీని కుదింపే) నిర్వచనం రోజు, నెల, ఏడాది వరుసనే చెబుతుంది. మనం రాసే పద్ధతీ అదే. కానీ తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 అలవాటున్నవాళ్లు ఏడాది ముందు పెడతారు, అమెరికా అలవాటున్నవాళ్లు నెల ముందు పెడతారు. నాలుగంకెల ఏడాది ఎక్కడున్నా ఇట్టే తెలిసిపోతుంది. గొడవంతా రోజుకీ నెలకీ మధ్యే. లెక్కేసి చూశాను. రోజు 12 లోపు ఉంటేనే తికమక, అంటే 12 నెలల్లో 144 తేదీలు. రోజూ నెలా ఒకటే అయినవి 12 తీసేస్తే ఏడాదికి 132 తేదీలు రెండు రకాలుగా చదవొచ్చు.

పక్కన వారం పేరు రాస్తే సరిపోతుందనిపించింది. ఏప్రిల్ 3 గురువారం, మార్చి 4 మంగళవారం, కాబట్టి తేడా దొరికిపోతుంది. కానీ సెప్టెంబర్ 5, మే 9 ఏ ఏడాదైనా ఒకే వారం వస్తాయి! నవంబర్ 7, జూలై 11 కూడా అంతే, డిసెంబర్ 3, మార్చి 12 కూడా అంతే. ఇవి కాక మామూలు ఏడాదిలో ఇంకో మూడు జతలు, లీపు ఏడాదిలో వేరే మూడు జతలు కలుస్తాయి. అంటే 132లో 12 తేదీలకు వారం పేరు పనిచేయదు. పైగా లోజ్బాన్‌లో వారాల పేర్లు కూడా అంకెలతో కట్టినవే. ఒకటో రోజు ఆదివారమా సోమవారమా అన్నది ఆ మాటే చెప్పదు.

అసలు చిక్కు దెహి దగ్గరే ఉందని నా అనుమానం. దెత్రికి నాలుగు స్థానాలున్నాయి, అంటే వివరాలు నింపే నాలుగు ఖాళీలు: తేదీ, సంఘటన, చోటు, క్యాలెండర్. దెహి అని కుదించగానే మొదటిది తప్ప మిగతావి చేతికి అందవు. క్యాలెండర్ పోతే ఎంత నష్టమో చూడండి. 2025 ఏప్రిల్ 3 భారత జాతీయ పంచాంగంలో చైత్రం 13, శక సంవత్సరం 1947. ఒట్టి 1947 అని చూస్తే ఎవరైనా స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే అనుకుంటారు. అందుకే ఇప్పుడు పేజీ పైన దెహి మానేసి దెత్రితో పూర్తి వాక్యం రాస్తున్నాను, నాలుగో స్థానంలో క్యాలెండర్ పేరు పెడుతున్నాను. పొడుగైనా ఇదే నయం. శక సమస్య తీరింది. వరుస సమస్య తీరలేదు, ఎందుకంటే రోజు ముందు రాసినా నెల ముందు రాసినా క్యాలెండర్ ఒకటే.

నెలకు అంకె బదులు వోన్మహి (నాలుగో నెల, ఏప్రిల్) లాంటి నెల పేరు పెట్టి, ఏప్రిల్‌లో మూడో రోజు అని విడమరిచి రాయడం కూడా ప్రయత్నిస్తున్నాను. జెది (రోజు), నన్శ (ఏడాది) మాటలు ఇక్కడ అడ్డొస్తున్నాయి. రెండింటిలోనూ రెండో స్థానం వ్యవధిది. నన్శకి 2025 తగిలిస్తే 2025 ఏళ్ల పొడుగు అని అర్థం, 2025వ సంవత్సరం అని కాదు. అందుకని అంకెను మూడో, నాలుగో అని మార్చే మోయితో వరుస సంఖ్య కట్టాలి. మోయి రెండో స్థానం ఒక సమితిని అడుగుతుంది, నెలను నేరుగా అక్కడ పెట్టడం నాకు నచ్చలేదు. ఆ నెలలోని రోజులు అని రాసి చూడాలి. పార్సర్ ఒప్పుకున్నాక జ్బోఫిహె అనే ఇంకో పార్సర్‌లో కూడా వేస్తాను. ఏ మాట ఏ స్థానంలో పడిందో అది చూపించినంత బాగా షమ్ఖెస్ చూపించదు.

ఇది కుదిరితే తర్వాత మన పంచాంగం. 2023లో, శోభకృత్ సంవత్సరంలో, అధిక శ్రావణం వచ్చింది. ఒకే క్యాలెండర్‌లో అయిదో నెల రెండుసార్లన్నమాట. నాలుగో స్థానం నింపినా అక్కడ లాభం లేదు, అధిక, నిజ అని నెలకే గుర్తు తగిలించాలి. ముందు ఆ రెండు శ్రావణాలకూ రెండు పేర్లు కట్టి చూస్తాను, తిథుల సంగతి ఆ తర్వాత.