గాలి చొరబడని సబ్‌వూఫర్ బాక్సు: కొలత దగ్గర్నుంచి అగరుబత్తి పరీక్ష దాకా

డిక్కీలో సబ్‌వూఫర్ బాగానే ఊగుతోంది, బేస్‌లో మాత్రం బరువు లేదు. అలాంటప్పుడు అందరూ ముందు ఆంప్లిఫయర్‌ను అనుమానిస్తారు, తర్వాత సబ్‌ను. బాక్సు అడుగున మూలలో ఉన్న సన్నని సందు ఎవరి కంటా పడదు. సీల్డ్ బాక్సు (అన్నివైపులా మూసిన పెట్టె) విషయంలో కొలత ఒకటి రెండు లీటర్లు అటూ ఇటూ అయినా చెవికి తెలియదు. గాలి కారిందంటే మాత్రం ఎంత ఖరీదైన సబ్ పెట్టినా దండగే.

మూసిన పెట్టెలో గాలే స్ప్రింగు. కోన్ (సబ్ ముందు ఊగే గిన్నె లాంటి భాగం) లోపలికి వెళ్తే గాలి నొక్కుకుపోయి దాన్ని బయటికి తోస్తుంది, బయటికి వస్తే లోపలికి లాగుతుంది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రప్పించింది ఈ కిటుకుతోనే. సందు ఉంటే ఆ స్ప్రింగు సడలిపోతుంది. 30, 40 హెర్ట్జ్ దగ్గర కోన్ నిదానంగా కదులుతుంది కాబట్టి సందులోంచి జారుకోవడానికి గాలికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. అందుకే లీకున్న బాక్సులో ముందు పోయేది లోతైన బేస్. దానికి తోడు ‘ఫుస్ ఫుస్’ మని చప్పుడు అదనం.

పోర్ట్ (గాలి ఆడే గొట్టం) ఉన్న బాక్సు ఎక్కువ మోగుతుంది, నిజమే. అయినా మొదటిసారి చేసేవాళ్లకు సీల్డే నయం. చిన్నగా ఉంటుంది, లెక్క కొంచెం తప్పినా ఓర్చుకుంటుంది. పైగా మూసి ఉన్న కారు క్యాబిన్ సుమారు 60, 70 హెర్ట్జ్ కిందనుంచి బేస్‌ను తనంతట తానే పెంచుతుంది. సీల్డ్ బాక్సు తగ్గిపోయే చోట కారు అందుకుంటుందన్నమాట.

లెక్క ఒకసారి చేసి చూద్దాం. 12 అంగుళాల సబ్ ఒకటి ఉంది, దాంతో వచ్చిన కాగితంలో విఎఎస్ (సబ్ సాగుదలకు సమానమైన గాలి పరిమాణం) 56 లీటర్లు, క్యూటీఎస్ (సబ్ సొంత క్యూ, అంటే దాని ఊగుడు ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె) 0.45, ఎఫ్ఎస్ (సబ్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 28 హెర్ట్జ్ అని ఉందనుకోండి. బేస్ ఉబ్బకుండా, ఎండిపోకుండా సమంగా రావాలంటే బాక్సులో పెట్టాక మొత్తం క్యూ 0.707 దగ్గర ఉండాలి. 0.707ను 0.45తో భాగిస్తే 1.571. దాని వర్గం 2.47, అందులో 1 తీసేస్తే 1.47. 56ను 1.47తో భాగిస్తే 38 లీటర్లు. ఇదే సబ్‌ను 25 లీటర్లలో ఇరికిస్తే క్యూ 0.81కి పెరుగుతుంది, బాక్సు రెజొనెన్స్ (బాక్సులో పెట్టాక సబ్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 44 నుంచి 50 హెర్ట్జ్‌కి ఎక్కుతుంది. బేస్ కొంచెం దట్టంగా వినిపిస్తుంది, అట్టడుగు బేస్ కొంచెం తగ్గుతుంది, అంతే. డిక్కీలో చోటు లేనివాళ్లు ధైర్యంగా ఆ పని చేయొచ్చు.

38 లీటర్లకు సబ్ అయస్కాంతం, బుట్ట (ఫ్రేము) ఆక్రమించే 3 లీటర్లు, లోపలి బ్రేస్ (అదురు తగ్గించే పట్టీ) కోసం మరికొంత కలపాలి. లోపలి కొలత 44 × 34 × 28 సెంటీమీటర్లు పెడితే 41.9 లీటర్లు వస్తుంది, సరిపోతుంది. లోపలి కొలత అన్న మాట మరచిపోవద్దు. 18 మిల్లీమీటర్ల చెక్కతో ఇదే బాక్సు బయటి కొలత 47.6 × 37.6 × 31.6 అవుతుంది. బయటి కొలతతో గుణిస్తే 56 లీటర్లు పైనే. బయట టేపు పెట్టి లెక్కేసినవాళ్లు దాదాపు 15 లీటర్లు పోగొట్టుకునేది ఇక్కడే. ఇంకో సంగతి: డిక్కీ లోపల పట్టే బాక్సు డిక్కీ నోట్లోంచి పట్టకపోవచ్చు. ముందే అదే సైజు అట్టపెట్టె ఒకటి దూర్చి చూడండి. స్టెప్నీ తీయాల్సి వచ్చినప్పుడు బాక్సు బయటికి రావాలి కూడా.

చెక్క 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక). ప్లైవుడ్ షాపులో మామూలు ఎండీఎఫ్ అని గట్టిగా అడగండి. పైన సన్‌మైకాలా నున్నటి పూత ఉన్న ప్రీల్యామినేటెడ్ రకం ఇస్తే వద్దనండి, ఆ పూత మీద ఫెవికాల్ పట్టదు. పార్టికల్ బోర్డు అసలు వద్దు, అంచున స్క్రూ దిగగానే పొడిపొడిగా రాలిపోతుంది. 4 × 4 అడుగుల సగం షీటు చాలు. ముక్కల పట్టీ: 47.6 × 37.6 మూడు (వెనక ఒకటి, ముందు రెండు), 47.6 × 28 రెండు (పైన, కింద), 34 × 28 రెండు (పక్కలు). ముందువైపు రెండు ముక్కలు అతికించి 36 మి.మీ. మందం చేస్తున్నాం, ఎందుకంటే సబ్ బరువూ అదురూ మొత్తం మోసేది ఆ పలకే. మూడో ముక్క బయటివైపు వస్తుంది కాబట్టి లోపలి కొలత మారదు, బాక్సు లోతు మాత్రం 33.4 సెం.మీ. అవుతుంది.

కోత షాపులోనే ప్యానెల్ సా (పెద్ద షీట్లు కోసే రంపపు మిషన్) మీద చేయించండి. గాలి ఆగేదీ కారేదీ సగం అక్కడే తేలిపోతుంది. చేతి మిషన్‌తో కోస్తే అంచు మిల్లీమీటరు వంకర పోతుంది, ఆ మిల్లీమీటరే రేపటి లీకు. ఒకే కొలత ఉన్న ముక్కలన్నీ ఒకే సెట్టింగు మీద, ఒకదాని వెంట ఒకటి కోయమనండి. రంపపు పళ్లు తినేసే 3 మి.మీ. కూడా పట్టీ ఇచ్చేటప్పుడే లెక్కలో ఉంచుకోండి. ముక్కలు ఇంటికొచ్చాక ఫెవికాల్ ముట్టుకోకముందే మొత్తం పొడిగా నిలబెట్టి, లోపల ఫోన్ టార్చ్ వెలిగించి, గదిలో లైటు ఆర్పి చూడండి. అతుకు దగ్గర వెలుగు గీత కనిపిస్తే ఆ అంచును అక్కడికక్కడే ఇసుక కాగితంతో సరిచేయాలి. ఫెవికాల్ అంత సందును పూడ్చలేదు.

సబ్ రంధ్రం కొలత కాగితంలో ఇచ్చినదే తీసుకోండి, ఫ్రేము మీద టేపు పెట్టి ఊహించవద్దు. 12 అంగుళాల సబ్‌కి సాధారణంగా 28 సెం.మీ. అటూ ఇటూ ఉంటుంది. ముందు 10 మి.మీ. డ్రిల్ దింపి, అందులోంచి జిగ్‌సా నడపాలి. మూతికి మాస్కు తప్పనిసరి. ఎండీఎఫ్ పొడి పిండిలా ఉంటుంది, అందులో జిగురు రసాయనాలూ ఉంటాయి. కోసిన రంధ్రం అంచుకి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు పూతలు వేస్తే అది గట్టిపడి స్క్రూనీ గాస్కెట్‌నీ (ఫ్రేము కింద వేసే మెత్తటి పట్టీని) బాగా పట్టుకుంటుంది.

అతికించడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఎండీఎఫ్ కోసిన అంచు బిస్కెట్ పాలను పీల్చినట్టు జిగురును పీల్చేస్తుంది. ఒక్క పూత వేసి బిగిస్తే పది నిమిషాల్లో అతుకు లోపల ఎండిపోతుంది. పైకి గట్టిగానే ఉంటుంది, గాలి మాత్రం కారుతుంది. కాబట్టి అంచుకి ఒక పూత వేసి అయిదు నిమిషాలు ఆగండి. ఆ పూత ఇంకిపోయాక రెండోది దండిగా వేసి అప్పుడు జోడించండి. బిగించినప్పుడు అతుకు పొడవునా ఫెవికాల్ చిన్న పూసల్లా బయటికి ఉబకాలి. పూసలు ఆగకుండా వరుసగా ఉంటే అతుకు నిండినట్టు. ఎక్కడ వరుస తెగిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. బయట ఉబికినది తడిగుడ్డతో తుడిచేయండి, లోపలిది తుడవకుండా వేలితో మూల వెంట పూయండి.

ముందు పైన, కింద, రెండు పక్కలు కలిపి చట్రం చేయండి, దాని మీద వెనక పలక. ఈ దశలో రెండు మూలగీతలూ కొలవండి, రెండూ 60.7 సెం.మీ. దగ్గర సమానంగా రావాలి. తేడా ఉంటే జిగురు పచ్చిగా ఉండగానే పొడవున్న మూల మీద నొక్కి సరిచేయాలి. స్క్రూలు జిప్సం పనికి వాడే నల్లవి, ఒకటిన్నర అంగుళం పైబడినవి, 10 నుంచి 12 సెం.మీ.కి ఒకటి. ముందు 2.5 మి.మీ. డ్రిల్ వేయకుండా ఎండీఎఫ్ అంచులోకి స్క్రూ దింపితే పొరలు విచ్చుకుంటాయి, ఆ చీలిక వెంటే గాలి దారి చేసుకుంటుంది. మూల నుంచి 4 సెం.మీ. లోపు స్క్రూ వద్దు. క్లాంపులు లేకపోతే పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి చుట్టూ బిగుతుగా చుట్టండి, ఒత్తిడి చక్కగా సమంగా పడుతుంది.

ముందు పలక పెట్టకముందే లోపలి మూలలన్నీ నింపేయాలి. పెట్టె నోరు పూర్తిగా తెరిచి ఉంది కాబట్టి చెయ్యి హాయిగా తిరుగుతుంది. కోతలో మిగిలిన పొడిని ఫెవికాల్‌లో చపాతీ పిండి కంటే కొంచెం పలచగా కలిపి, వేలితో మూల వెంట గుండ్రంగా రాయండి. 34 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు ఉన్న పట్టీ ఒకటి పైపలకకీ కిందపలకకీ మధ్య, వెనక పలకకు ఆనించి నిలువుగా అతికించండి, అదురు తగ్గుతుంది. తర్వాత ముందు పలకలు. వాటి అతుకును రంధ్రంలోంచి చెయ్యి పెట్టి పూయాలి. 24 గంటలు కదపకండి.

సందులు పూడ్చే సిలికాన్ అన్నిటికన్నా చివర. ఒకసారి సిలికాన్ తగిలిన చోట ఫెవికాల్ పట్టదు, రంగు పట్టదు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లపు ఆవిరి వదులుతుంది, మూసిన పెట్టెలో అది సబ్ లోహపు భాగాలకు మంచిది కాదు. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది కొనండి. ఏది వాడినా రెండు రోజులు నోరు తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయాకే సబ్ బిగించండి.

చెక్క అతుకులు ఎంత బాగున్నా తీగలు తగిలించే ప్లాస్టిక్ టెర్మినల్ కప్పు దగ్గర గాలి కారడం మామూలే. దాని పిన్నుల చుట్టూ సన్నని సందులుంటాయి, అందుకే వెనకవైపు మొత్తం సిలికాన్‌తో కప్పేయాలి. ఇంకా మేలు, కప్పు మానేసి రెండు ఇత్తడి బోల్టులు వాషర్లతో బిగించి లోపలినుంచి సీలు చేయడం. లోపలి తీగకి 2.5 చదరపు మి.మీ. రాగి ఫ్లెక్సిబుల్ వైరు చాలు.

సబ్ ఫ్రేము కింద 3 మి.మీ. ఫోమ్ టేపు చుట్టూ ఒకే ముక్కగా వేసి, రెండు కొసలు ఒకదాని మీద ఒకటి రాకుండా ఏటవాలుగా కోసి కలపండి. ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకవైపు ముందే గట్టిగా బిగిస్తే ఎదురువైపు ఫ్రేము లేస్తుంది. సబ్‌ను మళ్లీ మళ్లీ తీసే అలవాటుంటే టీ-నట్లు (చెక్కలో దిగి ఉండిపోయే నట్లు), ఎం5 బోల్టులు పెట్టండి. నట్టు అంచుకి జిగురు రాయండి, అది కూడా గాలి దారే.

ఇక పరీక్ష. రెండు అరచేతులు కోన్ మీద ఎదురెదురుగా ఆనించి సెంటీమీటరు లోపలికి మెల్లగా నొక్కి, రెండు మూడు సెకన్లు పట్టి ఉంచండి. ఎదురొత్తిడి తగ్గకుండా ఉంటే మంచిది. మెల్లమెల్లగా చేతి కింద సడలిపోతుంటే గాలి ఎక్కడో పోతోంది. ఎక్కడో కనిపెట్టడానికి 25 హెర్ట్జ్ టోన్‌ను తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపేసి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట ఒక వేలెడు దూరంలో నడపండి. నిటారుగా లేచే పొగ లీకు దగ్గరికి రాగానే వణుకుతుంది, సన్నగా పక్కకి విరుగుతుంది. ఫ్రేము చుట్టూ కోన్ కదలికకే పొగ ఊగుతుంది కనుక అక్కడ పొగను నమ్మకుండా తడి వేలు పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. నిప్పు రవ్వ కోన్ మీద పడకుండా చూసుకోండి.

లీకు లేదని తేలాక దిండ్లలో నింపే పాలిస్టర్ దూది 300 గ్రాములు విడదీసి లోపల వదులుగా పరచండి. పెట్టె కొంచెం పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. అయస్కాంతం వెనక గాలి రంధ్రానికి అడ్డం రాకూడదు. మామూలు పత్తి వద్దు, తేమ పీల్చి అడుగున ముద్దవుతుంది. తేమ మాట వచ్చింది కాబట్టి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవాళ్లు బయట కార్పెట్ అంటించేముందు ఎండీఎఫ్ అంతటికీ, ముఖ్యంగా కోసిన అంచులకి, వుడ్ ప్రైమర్ రెండు పూతలు వేయాలి. ఒక్క వానాకాలం డిక్కీలో నీళ్లు చెమ్మగిల్లితే అడుగు అంచు ఉబ్బి, అతుకు విచ్చుకుంటుంది.

చెక్క ఒక్కటే సుమారు 13 కిలోలు, సబ్‌తో 20 దాటుతుంది. సడన్ బ్రేకు పడితే అది సీటు వెన్నును గుద్దుతుంది. ఎల్ క్లాంపులతోనో బెల్టుతోనో తప్పక కట్టండి. నేలలోకి స్క్రూ దింపేముందు కారు కిందకి వంగి చూడండి, చాలా కార్లలో వెనక సీటు కిందే పెట్రోల్ ట్యాంకు ఉంటుంది.

నెల వాడాక ఫోమ్ టేపు అణిగి సబ్ స్క్రూలు కొంచెం వదులవుతాయి. పావు చుట్టు బిగించి, కోన్ నొక్కే పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి.